మెరీనా ఫ్యూయల్ డాక్‌కి పొల్యూషన్ ఇన్సూరెన్స్ ఎలా తీసుకోవాలి

అమెరికాలో గ్యాస్ స్టేషన్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు ఏదో లేక్ ఒడ్డున మెరీనా (పడవలు కట్టేసుకునే రేవు) అమ్మకానికి వచ్చిందంటే వెళ్లి చూస్తారు. నీళ్ల మీద ఫ్యూయల్ డాక్ (పడవలు ఆగి ఫ్యూయల్ పోయించుకునే వేదిక), దాని మీద రెండు పంపులు, ఒడ్డున ఒక ట్యాంకు. ఇది మనకి తెలిసిన వ్యాపారమే కదా అనిపిస్తుంది. వ్యాపారం తెలిసినదే కావచ్చు, ఇన్సూరెన్స్ మాత్రం చాలా వేరు. గ్యాస్ స్టేషన్లో కస్టమర్ చేతిలో నాజిల్ జారి అర గ్యాలన్ కింద పోతే కాంక్రీటు మీద పొడి చల్లి ఊడ్చేస్తారు, కాసేపట్లో అయిపోతుంది. అదే అర గ్యాలన్ డాక్ మీద పోతే సరాసరి నీళ్లలోకి దిగుతుంది, గాలి ఎటు వీస్తే అటు పాకుతుంది, పక్క స్లిప్పుల్లో (ఒక్కో పడవకి అద్దెకిచ్చే చోట్లలో) కట్టేసిన తెల్లటి పడవలకి అంటుకుంటుంది, ఆ క్షణం నుంచి మీ మీద ఫెడరల్ చట్టం పనిచేయడం మొదలవుతుంది.

కమ్మింగ్, ఆల్ఫారెటా వైపు ఉన్న మనవాళ్లకి లేక్ లేనియర్ దగ్గర, డాలస్ వైపు ఉన్నవాళ్లకి లూయిస్‌విల్ లేక్, కాస్త పైకి వెళ్తే టెక్సోమా. వీటిలో ఏదో ఒకదాని మీద మెరీనా కొనాలని, లీజుకి తీసుకోవాలని చూస్తున్నవాళ్లు సంతకం పెట్టకముందే ఈ పని మొదలుపెట్టాలి. క్లోజింగ్ రెండు వారాల్లో ఉందనగా బ్యాంకు పొల్యూషన్ పాలసీ సర్టిఫికెట్ పంపమని అడుగుతుంది, ఆ టెన్షన్‌లో ఏది దొరికితే అది కొనేస్తారు, అలా కొన్న పాలసీల్లోనే పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి.

పద్ధతి ఒక్కటే. ఫ్యూయల్ తెచ్చే ట్రక్కు దగ్గర మొదలుపెట్టి, ట్యాంకు, పైపు, డాక్, నాజిల్, చివరికి పడవ ట్యాంకు వరకు ఫ్యూయల్ వెళ్లే దారి పొడవునా మీరు కాలినడకన వెళ్లాలి, ప్రతి చోటా ఆగి "ఇక్కడ కారితే ఏ పాలసీ కడుతుంది?" అని అడగాలి. జవాబు రాని చోటే మీరు కొనాల్సిన పాలసీ ఉంది. మిగతాదంతా ఆ నడక సరిగ్గా ఎలా చేయాలన్నదే.

1. ముందు చేతిలో ఉన్న పాలసీలు చదవండి

అమ్మేవాళ్లు "మాకు ఫుల్ కవరేజ్ ఉంది" అంటారు. ఆ మాట పట్టుకుని ఊరుకోకండి, పాలసీ కాపీ మొత్తం అడగండి, సారాంశం మాత్రమే ఉండే డిక్లరేషన్ పేజీ ఒక్కటే పంపితే సరిపోదు.

జనరల్ లయబిలిటీ పాలసీ ప్రతి వ్యాపారానికీ ఉంటుంది. కానీ 1980ల మధ్య నుంచి అమెరికాలో ఈ పాలసీల ప్రామాణిక ఫారంలోనే పొల్యూషన్ ఎక్స్‌క్లూజన్ ఉంది. అంటే కస్టమర్ మీ డాక్ మీద జారిపడి కాలు విరిగితే అది కడుతుంది, మీ డాక్ నుంచి డీజిల్ కారి పక్కవాళ్ల పడవలు పాడైతే చాలావరకు కట్టదు. కొన్ని పాలసీలకి వెనకాల ఇంకో కాగితం జోడించి ఆ ఎక్స్‌క్లూజన్‌ని మరింత గట్టిగా బిగిస్తారు. ఆ జోడింపు కాగితాలనే ఎండార్స్‌మెంట్లు అంటారు, వాటినే ముందు చదవండి, అసలు మతలబు అంతా అక్కడే ఉంటుంది.

తర్వాత మెరీనా ఆపరేటర్స్ లీగల్ లయబిలిటీ. ఇది మీ దగ్గర కట్టేసిన, రిపేరుకి ఇచ్చిన, క్రేన్‌తో ఎత్తుతున్న కస్టమర్ల పడవలకి మీ తప్పు వల్ల నష్టం జరిగితే కట్టే పాలసీ. మెరీనాకి చాలా అవసరం. అయితే లేక్ శుభ్రం చేసే ఖర్చు దీని పని కాదు.

మెరీనా ప్యాకేజీ పాలసీల్లో కొన్నిటికి "లిమిటెడ్ పొల్యూషన్" అనే చిన్న కవరేజ్ ఉంటుంది. ఇది చూసి చాలామంది తృప్తి పడిపోతారు. దాని షరతులు చదివితే, కారడం హఠాత్తుగా జరిగి ఉండాలి, మొదలైన ఇన్ని గంటల్లో (72 గంటలు అని తరచుగా కనిపిస్తుంది) మీకు తెలిసి ఉండాలి, తెలిసిన ఇన్ని రోజుల్లో కంపెనీకి చెప్పి ఉండాలి అని ఉంటుంది. ట్రక్కు డ్రైవర్ ట్యాంకు పొంగించాడంటే ఈ షరతులకి సరిపోతుంది. గ్యాంగ్‌వే (ఒడ్డు నుంచి డాక్ మీదకి నడిచే వంతెన) కింద పైపు జాయింటు దగ్గర చుక్క చుక్కగా మూడు వారాలుగా కారుతోందని తర్వాత బయటపడితే సరిపోదు. మెరీనాల్లో ఆ రెండో రకమే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే అది కనిపించదు.

2. చట్టం మీ మీద ఏమేం వేస్తుందో తెలుసుకోండి

ఎంత లిమిట్ (పాలసీ గరిష్ఠంగా కట్టే మొత్తం) తీసుకోవాలో ఇది తెలియకుండా నిర్ణయించలేరు. 1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. దాని తర్వాత 1990లో ఆయిల్ పొల్యూషన్ యాక్ట్ వచ్చింది. ఇది పెద్ద నౌకల కోసమే అనుకోకండి, నీళ్లలోకి ఆయిల్ వదిలిన ఒడ్డు మీది ట్యాంకు, డాక్ కూడా దీని కిందకే వస్తాయి, గ్యాసోలిన్, డీజిల్ కూడా ఆయిలే. ఈ చట్టం ప్రకారం మీ తప్పు ఉందా లేదా అని ఎవరూ నిరూపించక్కర్లేదు. ఫ్యూయల్ మీ డాక్ నుంచి వచ్చిందా, వచ్చింది, అయితే బాధ్యత మీదే. తప్పించుకునే దారులు (దైవఘటన, యుద్ధం, మీతో ఎలాంటి కాంట్రాక్టూ లేని మూడో మనిషి ఒక్కడి తప్పు) చాలా ఇరుకైనవి.

శుభ్రం చేసే ఖర్చుతో ఆగదు. చేపలకి, పక్షులకి, ఒడ్డుకి జరిగిన నష్టం, పక్కవాళ్ల ఆస్తి నష్టం, ప్రభుత్వానికి తగ్గిన ఆదాయం, ఇంకా ఎవరెవరు వ్యాపారం పోగొట్టుకున్నారో వాళ్ల లాభం కూడా అడగొచ్చు. పక్కనే పడవలు అద్దెకిచ్చే మనిషి పడవలకి ఒక్క చుక్క కూడా అంటకపోయినా, ఆ కోవ్ (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన లేక్ భాగం) మూసేసినందుకు వారాంతం వ్యాపారం పోయిందని మీ మీద క్లెయిమ్ వేయొచ్చు. ఆస్తికి నష్టం జరగకుండా ఆదాయం మాత్రమే పోతే మీ పాలసీ కడుతుందా? ఈ ప్రశ్న బ్రోకర్‌ని తప్పకుండా అడగండి.

మీరు శుభ్రం చేయలేకపోతే ప్రభుత్వమే ఆయిల్ స్పిల్ లయబిలిటీ ట్రస్ట్ ఫండ్ నుంచి డబ్బు తీసి పని చేయించి, బిల్లు మీకు పంపుతుంది. బాధ్యతకి ఒక పరిమితి ఉంది కానీ అది కోట్ల డాలర్లలో ఉంటుంది, పైగా ఫెడరల్ రూల్ ఉల్లంఘించినా, తీవ్రమైన నిర్లక్ష్యం ఉన్నా, స్పిల్ జరిగిందని రిపోర్ట్ చేయకపోయినా ఆ పరిమితి కూడా పోతుంది. దీని మీద రాష్ట్ర చట్టాలు వేరే.

3. ఇప్పుడు ఆ నడక మొదలుపెట్టండి

ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ నడవండి, ఆ ఫొటోలు తర్వాత అప్లికేషన్‌కి కూడా పనికొస్తాయి.

ట్రక్కు: ఫ్యూయల్ దించుతున్నప్పుడు హోస్ ఊడిపోతే ఎవరి పాలసీ? డెలివరీ కంపెనీది ముందుండాలి. వాళ్ల ఆటో లయబిలిటీ సర్టిఫికెట్ తీసుకోండి, అందులో ఎంసీఎస్-90 ఎండార్స్‌మెంట్ (ప్రజలకి, పర్యావరణానికి జరిగే నష్టం కడతామనే హామీ) ఉందా చూడండి. ఫ్యూయల్ లాంటివి బల్క్‌గా మోసే ట్రక్కులకి ఫెడరల్ రూల్స్ ప్రకారం అది కావాలి. అది ఉందని ఊరుకోవద్దు, ఆటో పాలసీలో పొల్యూషన్ కవరేజ్ విడిగా ఉందా, వాళ్ల పాలసీ మీకూ వర్తించేలా మీ పేరు అడిషనల్ ఇన్సూర్డ్‌గా వేశారా అనేది కూడా రాయించుకోండి. మీ పాలసీలో "ట్రాన్స్‌పోర్టేషన్" కవరేజ్ ఉంటే లోడింగ్, అన్‌లోడింగ్ కూడా అందులో ఉందా చూడండి.

ట్యాంకు: ఇక్కడే గ్యాస్ స్టేషన్ అనుభవం దారి తప్పిస్తుంది. భూమిలో పాతిన ట్యాంకు ఉంటే ఫెడరల్ రూల్ ప్రకారం పెట్రోలియం అమ్మేవాళ్లు ఒక్కో ఘటనకి 10 లక్షల డాలర్ల ఆర్థిక బాధ్యత చూపించాలి, అది ఇన్సూరెన్స్ కావచ్చు, రాష్ట్ర ఫండ్ కావచ్చు. జార్జియాలో గస్ట్ ఫండ్ అని ఉంది, ఇంకా చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి. మీరు స్టేషన్లో ఎప్పుడూ చేసేది ఇదే. మెరీనాలో మాత్రం చాలాచోట్ల ట్యాంకు నేల మీదే ఉంటుంది. నేల మీది ట్యాంకుకి ఈ ఆర్థిక బాధ్యత రూల్ వర్తించదు, ఫండ్ కూడా తరచుగా దాన్ని ముట్టుకోదు. అంటే ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయరు, అలా ఏ కవరేజూ లేకుండా ఏళ్ల తరబడి నడిచిపోయే ప్రమాదం ఉంది. పాతిన ట్యాంకే అయినా, ట్యాంకు పాలసీ సాధారణంగా ట్యాంకు, దానికి కలిపిన పైపింగ్ నుంచి జరిగే లీక్‌కి రాసినది. కస్టమర్ పడవలో ఫ్యూయల్ పొంగి వెంట్ (పడవ ట్యాంకు గాలి రంధ్రం) నుంచి లేక్‌లోకి పోతే అది మీ ట్యాంకు లీక్ కాదు. ఆ పాలసీ ఆ రోజు మీకు పనికిరాకపోవచ్చు.

ట్యాంకు డాక్ కంటే ఎత్తులో ఉందా? రిజర్వాయర్ల చుట్టూ ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి చాలావరకు ఎత్తులోనే ఉంటుంది. అప్పుడు కింద పైపు తెగితే ట్యాంకులో ఉన్నదంతా గురుత్వాకర్షణ వల్ల దానంతట అదే కిందకి వచ్చేస్తుంది. అలా రాకుండా ట్యాంకు దగ్గరే ఒక వాల్వ్ ఉండాలని ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ఫెడరల్ సంస్థ) రూల్స్ చెప్తాయి, డాక్ మొదలయ్యే చోట ఒడ్డు మీద సప్లయ్ ఆపే వాల్వ్ కూడా సులువుగా చేతికి అందేలా ఉండాలి. ఈ రెండు వాల్వులూ మీ కళ్లతో చూడండి, తిప్పించి చూడండి. తుప్పు పట్టి కదలకపోతే, కొనే ధర మాట్లాడే ముందే అది రాసి పెట్టుకోండి.

పైపు: మొత్తం దారిలో నేను ఎక్కువసేపు నిలబడే చోటు ఇది. ఒడ్డు కదలదు, ఫ్లోటింగ్ డాక్ కదులుతుంది. మధ్యలో మెత్తటి గొట్టాలు, జాయింట్లు ఆ కదలికనంతా భరిస్తాయి. లేనియర్ లాంటి రిజర్వాయర్లో నీటి మట్టం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది, 2007 కరువులో అయితే నిండు మట్టం కంటే దాదాపు 20 అడుగులు కిందకి పోయింది. అంత తేడా వచ్చినప్పుడు డాక్‌ని లాగి లోతు నీళ్లలోకి మారుస్తారు, పైపుకి కొత్త ముక్కలు కలుపుతారు. ఎవరు కలిపారు, ఎప్పుడు కలిపారు, తర్వాత ప్రెషర్ టెస్ట్ చేయించారా? కాగితం లేకపోతే మళ్లీ చేయించండి. ఇక పాలసీ వైపు, "పైపింగ్" అంటే ఏంటో నిర్వచనం చదవండి. కొన్నిటిలో భూమిలో ఉన్న పైపు వరకే రాసి ఉంటుంది, నీళ్ల మీదుగా వెళ్లే పైపు ఆ మాటల్లో పట్టదు. అలా ఉంటే మార్పించండి.

డాక్, నాజిల్: మెరీనా నాజిల్‌కి చెయ్యి తీసినా ఫ్యూయల్ పోతూనే ఉండేలా పట్టి ఉంచే క్లిప్ ఉండకూడదు, చెయ్యి వదిలితే ఆగిపోవాలి. గ్యాస్ స్టేషన్లో అలవాటైన ఆ క్లిప్ ఇక్కడ రూల్‌కి విరుద్ధం. పాత ఓనర్ స్టేషన్ నాజిల్ తెచ్చి బిగించి ఉంటే అది ఈరోజే మార్చాలి, ఎందుకంటే రూల్ ఉల్లంఘన వల్ల స్పిల్ జరిగిందని తేలితే ఇందాక చెప్పిన బాధ్యత పరిమితి పోతుంది. ఎమర్జెన్సీ షటాఫ్ బటన్ ఎక్కడుందో డాక్ మీద పనిచేసే పిల్లలందరికీ తెలియాలి. వేసవి సెలవుల్లో వచ్చే హైస్కూల్ పిల్లలే ఎక్కువగా ఉంటారు కాబట్టి ట్రైనింగ్ రాసి సంతకాలు పెట్టించి ఫైల్లో ఉంచండి.

పడవ: కస్టమర్ పడవ స్లిప్పులో కట్టేసి ఉండగా మునిగిపోతే దాని ట్యాంకులో డీజిల్, ఇంజన్ ఆయిల్ మీ మెరీనా మధ్యలో పైకి వస్తాయి. బాధ్యత పడవ ఓనర్‌దే. కానీ ఓనర్ ఫోన్ ఎత్తకపోతే, ఇన్సూరెన్స్ లేకపోతే, ముందు పని చేయించాల్సింది మీరే. మీ పాలసీలో "మీ ప్రాంగణంలో మూడో వ్యక్తి వల్ల జరిగిన పొల్యూషన్" కవరేజ్ ఉందా చూడండి.

4. పాత మురికిని కొత్త పాలసీ నుంచి విడదీయండి

మెరీనా పాతదైతే నేలలో ఏముందో మీకు తెలియదు. ఫ్యూయల్ సంగతి అలా ఉంచితే, దశాబ్దాలుగా పడవ అడుగులు గీకి పెయింట్ వేసిన చోట రాగి, పాత టిన్ పెయింట్లు మట్టిలో, ఒడ్డు బురదలో ఉండొచ్చు. పడవలకి వాడే ట్రిబ్యూటైల్ టిన్ పెయింట్ మీద అమెరికాలో 1988లో ఆంక్షలు వచ్చాయి, అంతకుముందు అది మామూలుగా వాడేవాళ్లు. ఈ లోహాలు, సాల్వెంట్లు సూపర్‌ఫండ్ చట్టం (కలుషితమైన స్థలాల్ని శుభ్రం చేయించే ఫెడరల్ చట్టం) కిందకి వస్తాయి. ఫ్యూయల్‌కి ఆ చట్టంలో మినహాయింపు ఉంది, పెయింట్‌కి లేదు.

కాబట్టి కొనే ముందు ఫేజ్ వన్ ఎన్విరాన్‌మెంటల్ రిపోర్ట్ (స్థలం చరిత్ర చూసి కాలుష్యం అనుమానాలు చెప్పే రిపోర్ట్) చేయించండి, ఇప్పటి ప్రమాణం ఏఎస్‌టీఎం ఇ1527-21. ఇందులో ముఖ్యమైన భాగాలు మీరు కొన్న తేదీకి 180 రోజుల్లోపు చేసినవై ఉండాలి, లేకపోతే చట్టంలో కొనుగోలుదారుకి ఇచ్చే రక్షణ దక్కకపోవచ్చు. అమ్మేవాళ్లు చూపించే పాత రిపోర్ట్ మీద ఆధారపడొద్దు. అనుమానం ఉందని రిపోర్ట్ చెప్తే ఫేజ్ టూ, అంటే మట్టి, నీళ్ల శాంపిళ్లు.

ఇక ఇన్సూరెన్స్ కంపెనీ ఆ రిపోర్ట్ అడుగుతుంది, మీరు ఇవ్వాలి, దాచకూడదు. దాచారని తర్వాత తెలిస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఇచ్చాక వాళ్లు చేసేది రెండు రకాలు. ఒకటి, రిపోర్ట్‌లో ఉన్న ప్రతిదాన్నీ "తెలిసిన సమస్య" అని పక్కన పెట్టేయడం. రెండోది, శుభ్రం చేసే ఖర్చు వరకు పక్కన పెట్టి, దాని వల్ల ఎవరికైనా జబ్బు చేసిందని కేసు వేస్తే మాత్రం కట్టడం. రెండోదాని కోసం గట్టిగా బేరమాడండి, చాలాసార్లు దొరుకుతుంది. పూర్తిగా పక్కన పెట్టిన వాటికి అమ్మేవాళ్ల నుంచి రాతపూర్వకంగా ఇండెమ్నిటీ (ఆ నష్టం మేమే భరిస్తామనే హామీ) తీసుకోండి, దాని వెనకాల కొంత డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర) ఉంచమనండి. మీ లాయర్‌తో చేయించాల్సిన పని ఇది.

5. అప్లికేషన్‌కి కాగితాలు సిద్ధం చేసుకోండి

మంచి ధర రావాలంటే అండర్‌రైటర్‌కి (కంపెనీ తరఫున రిస్క్ చూసి ధర వేసే మనిషికి) మీ మెరీనా అర్థం కావాలి. ట్యాంకుల వయసు, పరిమాణం, మెటీరియల్, లీక్ టెస్ట్ రిపోర్టులు, ఐదేళ్ల క్లెయిమ్ చరిత్ర, ఏడాదికి ఎన్ని గ్యాలన్లు అమ్ముతారు, స్పిల్ కిట్లు ఎక్కడున్నాయి, ఫొటోలు. దీనిలో ఎక్కువమంది తడబడేది ఎస్‌పీసీసీ ప్లాన్ (స్పిల్ జరగకుండా, జరిగితే అదుపు చేసేలా రాసుకునే ప్లాన్) దగ్గర. నేల మీద మీ దగ్గర ఉన్న మొత్తం ఆయిల్ సామర్థ్యం 1,320 గ్యాలన్లు దాటితే (55 గ్యాలన్లు, అంతకంటే పెద్ద పాత్రలే లెక్కలోకి వస్తాయి) ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) రూల్ ప్రకారం ఆ ప్లాన్ ఉండాలి. వాడేసిన ఇంజన్ ఆయిల్ ట్యాంకు, కొత్త ఆయిల్ డ్రమ్ములు కూడా కలపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మొత్తం 10,000 గ్యాలన్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 5,000 దాటకుండా ఉండి, గతంలో పెద్ద స్పిల్స్ లేకపోతే ఈపీఏ ఇచ్చిన నమూనా నింపి మీరే సంతకం పెట్టుకోవచ్చు. అది దాటి మొత్తం 10,000 కంటే పెద్దదైతే ప్రొఫెషనల్ ఇంజనీర్ సంతకం కావాలి. ఐదేళ్లకోసారి ప్లాన్ మళ్లీ చూడాలి. ప్లాన్ లేని మెరీనాకి కోట్ ఇచ్చే కంపెనీ దొరికినా ఆ ధరలో దాని ప్రభావం కనిపిస్తుంది.

మీ రాష్ట్రంలో క్లీన్ మెరీనా ప్రోగ్రాం ఉంటే చేరండి. అండర్‌రైటర్‌కి అది నచ్చుతుంది, పైగా వాళ్ల చెక్‌లిస్ట్ నిజంగా పనికొచ్చేది.

6. కోట్లు వచ్చాక చదవాల్సిన చోట్లు

మీకు కావాల్సినది సాధారణంగా సైట్ పొల్యూషన్ పాలసీ, దాన్నే పొల్యూషన్ లీగల్ లయబిలిటీ అని కూడా అంటారు. పాతిన ట్యాంకు ఉంటే దాని ఆర్థిక బాధ్యత రూల్‌కి సరిపోయే ట్యాంకు కవరేజ్ విడిగానో ఇందులోనో ఉండాలి. మెరీనా బయట వేరేవాళ్ల పడవలకి రిపేరు చేయడానికి మీరే వెళ్తుంటే కాంట్రాక్టర్స్ పొల్యూషన్ కూడా చూడండి.

అన్నిటికంటే ముందు లొకేషన్ షెడ్యూల్ చూడండి. పాలసీ ఫలానా అడ్రస్‌కి అని రాసి ఉంటుంది. వీధి అడ్రస్ ఒడ్డున ఉన్న ఆఫీసుది. మీ డాకులు నీళ్ల మీద ఉన్నాయి, ఆ నీళ్లూ ఆ అడుగూ మీవి కావు. లేనియర్, లూయిస్‌విల్, టెక్సోమా మూడూ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ రిజర్వాయర్లు, మీది లీజు మాత్రమే. అందుకే షెడ్యూల్‌లో "లీజు ప్రాంతం మొత్తం, అన్ని డాకులు, స్లిప్పులు, నీళ్ల మీది పైపింగ్‌తో సహా" అని స్పష్టంగా రాయించి, లీజు మ్యాప్ జత చేయించండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే, మీరు కట్టిన ప్రీమియం అంతా డాక్ కాకుండా ఆఫీసు పార్కింగ్ లాట్‌ని కాపాడడానికి కట్టినట్టవుతుంది. లీజు పత్రంలో భూమి యజమానిని అడిషనల్ ఇన్సూర్డ్‌గా చేర్చమని ఉందా, ఎంత లిమిట్ అడిగారు అనేది కూడా అప్పుడే సరిచూసుకోండి.

తర్వాత రెట్రోయాక్టివ్ తేదీ. ఈ పాలసీలు చాలావరకు క్లెయిమ్స్-మేడ్ రకం, అంటే క్లెయిమ్ పాలసీ నడుస్తుండగా వచ్చి, అప్పుడే మీరు కంపెనీకి చెప్పాలి. రెట్రో తేదీకి ముందు మొదలైన కారడానికి కట్టరు. అమ్మేవాళ్లకి ఇప్పటికే పాలసీ ఉంటే వాళ్ల పాత తేదీనే మీకూ కొనసాగించమని అడగండి.

లాయర్ల ఖర్చు లిమిట్ లోపలా, బయటా? లోపలైతే 10 లక్షల డాలర్ల లిమిట్‌లో చాలా భాగం కేసు నడపడానికే కరిగిపోతుంది, నా ఉద్దేశంలో మెరీనాకి ఈ రకం తీసుకుంటే లిమిట్ ఇంకా పెంచుకోవాలి. సహజ వనరుల నష్టం అనే మాట డ్యామేజెస్ నిర్వచనంలో ఉందా? పంప్-ఔట్ స్టేషన్ (పడవల టాయిలెట్ ట్యాంకులు ఖాళీ చేసే చోటు) నడిపితే మురుగునీరు కూడా పొల్యూటెంట్‌గా లెక్కేసి కవర్ చేశారా? చెత్త, వాడిన ఆయిల్ తీసుకెళ్లే చోట తర్వాత సమస్య వస్తే కడతారా? జరిమానాలు? (చాలావాటిలో ఉండవు.) స్పిల్ వల్ల మీ ఫ్యూయల్ డాకే మూతపడితే మీ ఆదాయ నష్టం కడతారా? తుఫాను వల్ల జరిగితే? 2022 సెప్టెంబర్‌లో ఇయాన్ హరికేన్ ఫోర్ట్ మయర్స్ తీరంలో పడవల్ని ఒడ్డు మీదకి విసిరేసింది, మీరు ఫ్లోరిడా తీరంలో కొంటుంటే ఈ ప్రశ్నకి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

కోట్ సర్‌ప్లస్ లైన్స్ కంపెనీ (మామూలు కంపెనీలు తీసుకోని రిస్కులకి పాలసీ ఇచ్చేది) నుంచి వస్తే భయపడక్కర్లేదు, ఈ రకం ఇన్సూరెన్స్‌లో అది మామూలే. కాకపోతే ఆ కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ ఫండ్ సాధారణంగా ఆదుకోదు, అందుకని ఇన్సూరెన్స్ కంపెనీల ఆర్థిక బలానికి ఇచ్చే ఏఎం బెస్ట్ రేటింగ్ చూడండి. బ్రోకర్ విషయంలో మీ స్టేషన్‌కి చేసిన మనిషినే పట్టుకోవాలని లేదు. మన ఊరివాడు, మొహమాటం అని ఆగకండి. మెరీనా పొల్యూషన్ పాలసీలు ఇంతకుముందు ఎన్ని రాశారో అడగండి, సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని చూడండి.

7. స్లిప్ కస్టమర్లతో కాంట్రాక్టు మార్చండి

పడవ పెట్టుకునే ప్రతి ఒక్కరూ సరైన బోటు పాలసీ తీసుకోవాలని, అందులో ఫ్యూయల్ స్పిల్ లయబిలిటీ, మునిగిన పడవ తొలగించే ఖర్చు ఉండాలని కాంట్రాక్టులో రాయండి. ఏటా సర్టిఫికెట్ తీసుకోండి. పడవ మునుగుతున్నట్టు కనిపిస్తే ఓనర్ అనుమతి కోసం ఆగకుండా నీళ్లు తోడించే హక్కు, ఆ ఖర్చు వాళ్ల నుంచి వసూలు చేసే హక్కు మీకు ఉండాలి. కాంట్రాక్టు లేకుండా మాట మీద స్లిప్ ఇవ్వకండి, ఎంత తెలిసినవాళ్లైనా సరే.

8. స్పిల్ జరిగిన రోజు

దీన్ని ప్రింట్ తీసి డాక్ షెడ్‌లో అంటించండి.

సప్లయ్ ఆపండి. మనుషుల్ని, మంటల్ని దూరం పెట్టండి. పోయినది గ్యాసోలిన్ అయితే బూమ్ (నీళ్ల మీద తేలే అడ్డుకట్ట) వేసి ఒకచోట చేర్చకండి, చేరిన చోట ఆవిరి పోగై అంటుకుంటుంది, జనాన్ని ఖాళీ చేయించి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని పిలవడమే సరి. డీజిల్, ఇంజన్ ఆయిల్ అయితే బూమ్ వేయండి, నీటిని కాకుండా నూనెను మాత్రమే పీల్చే తెల్ల ప్యాడ్లు వాడండి. గిన్నెలు కడిగే సబ్బు మాత్రం చల్లొద్దు. మెరుపు మాయమై శుభ్రమైనట్టు కనిపిస్తుంది కానీ ఫ్యూయల్ కిందకి దిగి చేపలకి ఇంకా హాని చేస్తుంది, అధికారుల అనుమతి లేకుండా అలా చేయడం చట్టవిరుద్ధం కూడా.

నీటి మీద రంగురంగుల మెరుపు కనిపించిందంటే ఎంత తక్కువైనా రిపోర్ట్ చేయాల్సిందే. నేషనల్ రెస్పాన్స్ సెంటర్ నంబర్ 1-800-424-8802, రోజంతా పనిచేస్తుంది, కోస్ట్ గార్డ్ నడుపుతుంది. చెప్పకుండా ఊరుకోవడం నేరం, ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. రాష్ట్ర నంబర్ కూడా దాని కింద రాసి పెట్టుకోండి.

వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీ ఎమర్జెన్సీ లైన్‌కి ఫోన్ చేసి, తర్వాత ఈమెయిల్ కూడా పెట్టండి. బ్రోకర్‌కి వాట్సాప్ పెట్టాను అంటే కంపెనీకి చెప్పినట్టు కాదు. కంపెనీ ఒప్పుకోకముందు పెట్టిన ఖర్చులు కట్టరని చాలా పాలసీల్లో ఉంటుంది, ఎమర్జెన్సీ ఖర్చులకి మాత్రం కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల మినహాయింపు ఇస్తారు. అది మీ పాలసీలో ఎంతో ముందే తెలుసుకుని అదే కాగితం మీద రాయండి. పక్క పడవల ఓనర్లు కోపంగా వస్తారు. "మేమే కట్టేస్తాం" అని మాట ఇవ్వకండి, పేరు, ఫోన్, పడవ ఫొటో తీసుకుని "కంపెనీ వాళ్లు మిమ్మల్ని కాంటాక్ట్ చేస్తారు" అని మర్యాదగా చెప్పండి. స్పిల్ క్లీనింగ్ కంపెనీతో సీజన్ మొదలవకముందే ఒప్పందం చేసుకుని, ఆ కంపెనీ పేరుకి ఇన్సూరెన్స్ వాళ్ల ఆమోదం తీసుకుని ఉంటే ఆ రోజు సగం టెన్షన్ తగ్గుతుంది.

9. రిన్యూవల్, కంపెనీ మార్చడం, అమ్మడం

రిన్యూవల్‌కి 90 రోజుల ముందే మొదలుపెట్టండి. ఏడాదిలో కొత్త ట్యాంకు పెట్టినా, డాక్ జరిపినా, రిపేర్ షెడ్ మొదలుపెట్టినా అప్పుడే చెప్పి ఎండార్స్‌మెంట్ తీసుకోండి, రిన్యూవల్ దాకా ఆగొద్దు. తక్కువ ధర చూసి కంపెనీ మారుతుంటే కొత్త పాలసీలో పాత రెట్రో తేదీ అలాగే ఉందా అనేది సంతకానికి ముందు చూడండి, చాలా కవరేజ్ ఇలా నిశ్శబ్దంగా పోతుంది. పాలసీ ముగిసే లోపు ఏదైనా అనుమానం ఉంటే, చిన్న తడి మరక అయినా సరే, ముగియకముందే పాత కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి.

మెరీనా అమ్మేటప్పుడు పాలసీ ఆపేస్తే, రెండేళ్ల తర్వాత కొత్త ఓనర్ తవ్వకంలో మీ కాలం నాటి డీజిల్ బయటపడితే కట్టడానికి మీ వెనకాల ఏదీ ఉండదు. ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్ (పాలసీ ముగిశాక కూడా క్లెయిమ్ చెప్పుకునే గడువు) కొనండి, దాని ధర ఎలా లెక్కిస్తారో మొదటి పాలసీ కొనే రోజే పాలసీలో రాయించుకోండి, అమ్మే రోజు అడిగితే వాళ్లు చెప్పిందే ధర అవుతుంది.